సుబ్బక్క నీళ్ళు చల్లిన బాట

కోడి కూయకముందే లేచి బాటకు నీళ్ళు చల్లడం సుబ్బక్క అలవాటు. వాకిటికి కాదు, బాటకు. వాకిటికి అందరూ చల్లుకుంటారు. జమ్మలమడుగు నుంచి పొద్దుటూరుకు పోయే బాట నేతగాళ్ళుండే వాళ్ళ తొగటవీధి నడుమ నుంచే పోతుంది. ఆ బాట ఎవరిదీ కాదు గనుక దానికి నీళ్ళు చల్లేవారు లేరు. సుబ్బక్క చల్లేది.

నీళ్ళకు ఎప్పుడూ కరువుండే ఊరు. మంచినీళ్ళు నేలపాలు చేయడం పాపమని ఆమె నమ్మకం. అందుకని కొర్రలు కడిగిన నీళ్ళు, చేతులు కడుక్కున్న నీళ్ళు, గంజికుండ కడిగిన నీళ్ళు అన్నీ ముందుదినం నుంచే ఒక తొట్టిలో దాచిపెట్టేది. వేకువనే ఆ నీళ్ళు చెంబుతో ముంచి, పడుగు పరిచే మేరంతా చిలకరించేది. తర్వాత వంగి తుమ్మముళ్ళు ఏరేది. ఏరిన ముళ్ళు చెంగులో పోసుకొని గోడ వారన ఒక గుంతలో వేసేది.

మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలును పడుగంటారు. దానికి గంజి పట్టిస్తే గాని నేతకు నిలవదు. అంత పొడుగు నూలు ఇంట్లో పట్టదు. అందుకని బాట వెంబడి గుంజలు పాతి, కత్తెరకర్రల మీద నూలును సాగదీసి, మనుషులు పొడుగునా వరసగా నిలబడి కుంచెలతో దువ్వుతూ గంజి పట్టిస్తారు. ఎండ ముదరకముందే, గాలి లేవకముందే ఆ పని ముగియాలి. తడినూలు మీద దుమ్ము పడితే పోగుకు పోగు అంటుకొని పడుగంతా చెడిపోతుంది. అందుకే సుబ్బక్క నీళ్ళు.

"పడుగు పరిస్తే మా చౌడమ్మ తల్లి పవళించినట్టేనమ్మా. తల్లి మీద దుమ్ము పడనిస్తామా?" అనేది.

చిన్నవయసులోనే ఆమె మొగుడు గత్తర రోగం తగిలి పోయినాడు. బిడ్డలు లేరు. తమ్ముడు పుల్లన్న ఇంటి పక్కన ఒక కొట్టంలో ఉంటూ, వీధిలో ఎవరి పడుగు పరిచినా కుంచె పట్టడానికి పోయేది. చేయి మంచిదని అందరూ పిలిచేవారు. మనిషి మాత్రం ఒట్టి భయస్తురాలు. బస్సు కొమ్ము మోగితే భయం. పోలీసుల ఎర్ర తలపాగా కనపడితే భయం. కొత్త మనిషి పేరు పెట్టి పిలిస్తే, తన పేరు వాడికెట్ల తెలిసిందని భయం.

"మా యక్క పిల్లి ఎదురొచ్చినా దండం పెడతాది" అని పుల్లన్న నలుగురిలో నవ్వేవాడు.

"పిల్లిని గూడా దేవుడే చేసినాడు గదప్పా. పెడితే నీ సొమ్మేం పోయింది?" అనేది ఆమె.

లాజరు ఆ బాటలో తిరగడం మొదలుపెట్టింది పెద్దయుద్ధం ముగిసిన ఏడు. ఊరి చివర క్రిస్టియన్ పేటలో ఉండే ప్రేమయ్య కొడుకు. మిలిటరీలో చేరి, దండు జాబులు మోటారు సైకిలు మీద మోసే పని చేసి తిరిగొచ్చినాడు. వచ్చినాక మిషన్ ఆసుపత్రి వాళ్ళు తమ మోటారు సైకిలు ఇచ్చి, పల్లెలకు మందులు చేర్చే పనిలో పెట్టుకున్నారు. ఊళ్ళో ఆ బండిని ఫట్‌ఫటి అనేవారు. దాని చప్పుడు వినపడితే సుబ్బక్క చెవులు మూసుకొనేది.

మొదటిసారి అతడు వచ్చినప్పుడు ఆమె బాట నడుమ వంగి ముళ్ళు ఏరుతోంది. అతడు బండి నిలిపి చూసినాడు.

"ఎవురికోసమమ్మా ఏరుతాండావు?"

సుబ్బక్క గుండె దడదడలాడింది. అయినా అడిగినదానికి చెప్పింది. "నడిచేటోళ్ళకు నాయనా."

"నాకు బూట్లుండాయి గదా."

"నీ బండికి లేవు గదప్పా."

లాజరు పెద్దగా నవ్వినాడు. ఆ చక్రానికి ముల్లు దిగితే తాను పడే పాట్లు చెప్పినాడు. చిలకరించిన నీళ్ళు చూసి అదెందుకని అడిగినాడు. ఆమె చెప్పింది. అంతే, బండి మళ్ళీ ఎక్కలేదు. ఇంజను ఆపినవాడు ఆపినట్టే, చేతులతో తోసుకుంటూ తొగటవీధి దాటిపోయినాడు.

ఆ దినం నుంచి అతడికి అదే వాడుక అయింది. మొదటి గుంజ కనపడగానే ఇంజను ఆపేవాడు. దిగి, పడుగు పొడుగునా బండి తోసుకుంటూ నడిచి, ఆఖరి గుంజ దాటినాక ఎక్కేవాడు. బరువు బండి, చెమటలు కారేవి. ఒక్కో దినం సుబ్బక్క చెంబుతో మజ్జిగ తెచ్చి గోడ మీద పెట్టేది. అతడు తాగి, చెంబు తోమి, బోర్లించి పోయేవాడు. వాళ్ళ మధ్య మాటలు శానా తక్కువ.

వీధిలో కొందరు, "వాని కులం వానికి గుర్తుండాది. అందుకే దిగి పోతాండాడు" అనుకొనేవారు. సుబ్బక్కకు మాత్రం తెలుసు. పెద్దరెడ్ల అరుగుల ముందర లాజరు బండి దిగడు. ఆ సంగతి ఊరంతా గుసగుసలాడుకున్నదే. దిగేది ఒక్క పడుగు దగ్గరనే.

ఒక దినం పుల్లన్న పడుగు పరిచినారు. నూలు కంట్రోలులో దొరికే కాలం. ఎన్నో తిప్పలు పడి తెచ్చుకున్న నూలు అది. వీధి మనుషులంతా పడుగుకు ఇవతల గోడవైపు నిలబడి, వంచిన తల ఎత్తకుండా కుంచెలు ఆడిస్తున్నారు. సుబ్బక్క ఆఖరి గుంజ దగ్గర, లాజరు వచ్చే దిక్కుకు మొగం పెట్టి నిలబడింది. లాజరు బండి తోసుకుంటూ పడుగు నడిమికి వచ్చినాడు.

అప్పుడే ఎదురుగా ఓబుళరెడ్డి బస్సు వచ్చింది. బొగ్గుల పొగతో నడిచే బస్సు. వేగం తగ్గిస్తే మళ్ళీ అందుకోవడం కష్టమని డ్రైవరు యానాడూ ఆ వీధిలో తగ్గించడు. ఆ దినం మరీ ఆలస్యమైంది కాబోలు, కొమ్ము మోగిస్తూ నేరుగా వచ్చేసింది. ఒకవైపు బస్సు, ఒకవైపు పడుగు. నడుమ లాజరు.

పడుగు మీదికి ఒరిగి ఉంటే అతడికేమీ అయ్యేది కాదు. కత్తెరకర్రలు విరిగేవి, నూలు తెగేది, అంతే. లాజరు ఒక క్షణం పడుగు వైపు చూసినాడు. అవతల నిలబడిన సుబ్బక్క వైపు చూసినాడు. ఒరగలేదు. బండిని తనవైపు లాక్కొని నిటారుగా నిలబడినాడు. బస్సు ముందుభాగం బండిని కొట్టింది. బండి అతడి కాలి మీద పడింది. బస్సు చక్రం దాని మీద ఎక్కి దిగింది.

దుమ్ము లేచింది. బస్సు దూరం పోయి ఆగింది. కండక్టరు రంగన్న దిగి వెనక్కి చూసి, మళ్ళీ ఎక్కినాడు. బస్సు కదిలిపోయింది.

సుబ్బక్క నోట మాట వచ్చింది. ఆ మాట ఏమిటని తర్వాత ఆమె ఎన్నిసార్లు తలచుకొని ఏడ్చిందో.

"పడుగెత్తండప్పా, పడుగు!"

పుట్టినప్పటి నుంచి చేతులకు పట్టిన అలవాటు అది. తడిపడుగు మీద దుమ్ము పడితే మొదట పడుగు ఎత్తాలి. పిడుగు పడినా మొదట పడుగే. ఆమె నోరు అనింది, వీధి చేతులు చేసినాయి. గుంజలు పీకినారు, కర్రలు మడిచినారు, నూలు చుట్టి ఇంట్లోకి తీసుకుపోయినారు. అది ముగిసినాకనే అందరూ లాజరు వైపు తిరిగినారు. సుబ్బక్క మగ్గం మీది నుంచి అప్పుడే కోసిన తువ్వాలు తెచ్చి కాలికి బిగించి కట్టింది. పుల్లన్న తన ఎద్దుల బండి కట్టి, కిందపడిన మనిషిని జాగ్రత్తగా ఎక్కించుకొని జమ్మలమడుగు ఆసుపత్రికి తోలుకుపోయినాడు.

బండి పోయినాక బాట మీద నెత్తురు మిగిలింది. దాని మీద మనుషులు నడుస్తారు, పశువులు నడుస్తాయి. ఒక మనిషి నెత్తురు తొక్కడమంటే సుబ్బక్కకు ఒళ్ళు జలదరించింది. తొట్టిలో మిగిలిన నీళ్ళన్నీ పోసి, చీపురుతో ఊడ్చి, ఆ చోట చిటికెడు పసుపు చల్లి దండం పెట్టింది.

అందుకే హెడ్డు కానిస్టేబులు వచ్చేసరికి అక్కడ పడుగు లేదు, గుంజలు లేవు, చక్రాల జాడ లేదు. కడిగి ముగ్గు పెట్టడానికి సిద్ధం చేసినట్టు శుభ్రమైన బాట ఉంది.

"ఈడ పడుగులు పరిచినారా?" అని అడిగినాడు.

బాట మీద పడుగులు పరచకూడదని అంతకుముందే ఒకసారి యూనియన్ బోర్డు వాళ్ళు హెచ్చరించి ఉన్నారు. వీధంతా పుల్లన్న మొగం చూసింది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన మనిషి, చేతుల మీది నెత్తురు కడుక్కోనే లేదు.

"లేదు సామీ" అన్నాడు పుల్లన్న.

"అయితే బాట ఖాళీగా ఉండాది. ఫట్‌ఫటోడు జోరుగా వచ్చి బస్సుకు తగులుకున్నాడు. అంతే గదా?"

ఎవరూ మాట్లాడలేదు. అతడు అట్లాగే రాసుకున్నాడు. సుబ్బక్క తలుపు సందు నుంచి అంతా విన్నది. బయటికి రావాలని కాలు ఎత్తింది. ఎర్ర తలపాగా చూసి ఆ కాలు అక్కడే దించింది.

లాజరుకు మోకాలి కింద కాలు తీసేసినారు.

కొన్ని దినాలకు అతడి తండ్రి ప్రేమయ్య తొగటవీధికి వచ్చినాడు. ముసలివాడు. సుబ్బక్క కొట్టానికి దూరంగా నిలబడి, ఉతికి మడిచిన తువ్వాలు అరుగు చివర పెట్టినాడు.

"నీ తువ్వాలమ్మా. శానా మార్లు ఉతికినాము. మరక మాత్రం పోలేదు. ఏమనుకోవద్దు."

సుబ్బక్క తువ్వాలు చేతిలోకి తీసుకుంది. "పిల్లోడు ఎట్లుండాడు ప్రేమయ్యా?" అని అడిగింది.

"బతికినాడు. దేవుని దయ. 'తప్పంతా నాదే అని రాసినారు నాయనా, నేను తోసుకుంటా పోతాంటి' అని నాతో చెప్తాడు, గోడతో చెప్తాడు." ముసలివాడు తల వంచుకున్నాడు. "కొత్త తువ్వాలు కట్టినావంట తల్లీ. ఆ కట్టు లేకుంటే దావలోనే పోయేవాడని ఆసుపత్రి దొరసాని చెప్పింది. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా."

వేరే ఏమీ అడగలేదు. సాక్షి చెప్పమని అనలేదు. అట్లా అడిగి ఉంటే సుబ్బక్క భయపడి లోపలికి పోయేదేమో. అడగకుండా పోయినాడు గనుక ఆమెకు ఆ పూట ముద్ద దిగలేదు. తువ్వాలు విప్పి చూసింది. గోధుమరంగు మరక చేతివెడల్పున ఉంది. దాన్ని చౌడమ్మ పటం కింద పెట్టింది. పెట్టినాక పటం వైపు చూడడానికి కూడా భయం వేసింది.

తర్వాత వచ్చినవాడు నారాయణ వకీలు. పొద్దుటూరులో ఉంటాడు. లాజరు పక్షాన ఓబుళరెడ్డి మీద నష్టపరిహారం దావా వేసింది ఆయనే. ఫీజు మాట తర్వాత చూద్దామన్నాడట. తెల్లకోటు, దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు. వీధిలో ఇల్లిల్లూ తిరిగినాడు. ఎవరిని అడిగినా "మేం తల వంచుకొని కుంచె పట్టింటిమి సామీ" అనో, "ఆ దినం ఊళ్ళో లేను" అనో చెప్పినారు. ఆఖరికి సుబ్బక్క అరుగు మీద కూలబడి, దాహమడిగి నీళ్ళు తాగినాడు.

"అమ్మా, నేను నిన్ను బెదిరించడానికి రాలేదు. దావా ఒక్క ముక్క మీద నిలబడి ఉంది. లాజరు బండి ఎక్కి వచ్చినాడా, తోసుకుంటూ వచ్చినాడా? ఎక్కి జోరుగా వచ్చి ఉంటే తప్పు వానిది. వానికి ఏమీ రాదు. కాలూ పాయె, పనీ పాయె, మాటా పాయె. తోసుకుంటూ వచ్చి ఉంటే తప్పు బస్సుది. పోలీసు రాసుకున్నదే కడపటి మాట కాదు. కోర్టులో తీర్పు చెప్పే మునసబు ముందర కండ్లారా చూసినవాళ్ళు చెప్పల్ల."

"పడుగు ఉన్నట్టు చెప్తే మా వీధికేమైనా అవుతాదా సామీ?"

వకీలు నీళ్ళ చెంబు కింద పెట్టినాడు. అబద్ధం చెప్పి ఉంటే ఆమెకు తెలిసేది కాదు. ఆయన చెప్పలేదు.

"కావచ్చమ్మా. బాట మీద పడుగు పరచొద్దని గట్టి ఉత్తరువు రావచ్చు. అది నా చేతిలో లేదు."

"నాకు శానా భయం సామీ. కోర్టు మెట్టు యానాడూ ఎక్కినదాన్ని కాదు. నోట్లో మాట రాదు."

"మెల్లగానే చెప్పు. నువ్వు చూసింది చెప్పు, చూడనిది చెప్పొద్దు. అంతకుమించి నాకేమీ వద్దు."

ఆయన పోయిన మరునాడే రంగన్న వచ్చినాడు. ఓబుళరెడ్డి బస్సు కండక్టరు. వీధి వాళ్ళ చీరల మూటలన్నీ పొద్దుటూరు అంగళ్ళకు చేర్చేది అతడే. అందరినీ వరసపెట్టి పిలిచేంత చనువు. అరుగు మీద కాలు ఊపుతూ కూర్చున్నాడు.

"ఏమత్తా, వకీళ్ళు గూడా నీ చేతి నీళ్ళు తాగి పోతాండారంట? పెద్దదానివైపోయినావు."

"దాహమన్నాడు, ఇచ్చినా."

"ఇయ్యి, ఇయ్యి. పుణ్యం. కండ్లు సరిగ్గా కనపడక సూదిలో దారం నాతో ఎక్కించుకుంటివి గదా మొన్న? అట్లాంటి కండ్లతో ఆడ ఏం చూసింటావులే."

సుబ్బక్క కుంచె తీసుకొని దాని పీచు సర్దుకోసాగింది. 

"మూటలు మోసేది మేమే గదత్తా. రేపు రెడ్డి వద్దంటే మీ చీరలు యాడికి పోతాయి? పెన్నేట్లోకా? నీ ఒక్కదాని కోసం వీధంతా పస్తులుండల్లనా? పుల్లన్నకు ముగ్గురు ఆడపిల్లలు. ఆలోచన చెయ్యి." లేస్తూ, కొంచెం గొంతు తగ్గించినాడు. "నాకేమీ నీ మీద కోపం లేదత్తా. పోయి చెప్పిరా అన్నారు, వచ్చినా."

ఆ మాట నిజమే. అతడి మొగంలో కూడా భయమే ఉంది. అది చూసి సుబ్బక్కకు ఇంకా భయం పట్టుకుంది. బెదిరించేవాడే భయపడుతుంటే వాని వెనక ఉన్నది ఎంత పెద్దదో అనిపించింది.

పుల్లన్న సంగతి విని అక్క మీద మండిపడినాడు.

"నువ్వు పోయి పడుగు పరిచినామని చెప్తే, నేను పోలీసుకు అబద్ధం చెప్పినట్టు గాదా? నన్ను జైల్లో పెట్టిస్తావా?"

"నీ పేరు ఎత్తనురా."

"పడుగు నాదే గదా. పేరెత్తకుంటే ఎవురిదని చెప్తావు, చౌడమ్మదనా?"

"పడుగెత్తమన్నది నేను రా. కడిగింది నేను. వాడు చూసి, ఒరగలేదు. ఒరిగింటే నీ నూలు పోయేది, వాని కాలు నిలిచేది." ఆమె ఏడ్చింది. "నాకు భయంగానే ఉండాది. చెప్పకుంటే ఇంకా భయంగా ఉండాది. యాడ దాక్కోవాలో తెలీలేదు రా పుల్లన్నా."

పుల్లన్న చెప్పులేసుకొని బయటికి పోయినాడు. కోర్టు వాయిదా దినం దాకా అక్కతో మాట్లాడలేదు.

ఆ దినం సుబ్బక్క వేకువనే బాటకు నీళ్ళు చల్లింది. ముళ్ళు ఏరింది. తలస్నానం చేసి, చౌడమ్మకు దీపం పెట్టి, మరక తువ్వాలు చెంగున కట్టుకొని బయలుదేరింది. పొద్దుటూరు దాకా నడవాలి. ఉన్న ఒక్క బస్సు ఓబుళరెడ్డిది. అది ఎక్కలేదు, ఎక్కనివ్వరు. వీధి మలుపు తిరిగేసరికి పుల్లన్న బండి కట్టి నిలబడి ఉన్నాడు. గడ్డి పరిచి మీద దుప్పటి వేసినాడు.

"నేను నడుస్తా లేరా."

"నోరు మూసుకొని ఎక్కు. ఆ కాళ్ళతో నడిస్తే సాక్షి చెప్పేది ఎల్లుండికి."

 దారిలో ఒకచోట పుల్లన్న బండి నిలిపి, పంచె కొంగున కట్టి తెచ్చిన జొన్నరొట్టె సగం విరిచి అక్కకిచ్చినాడు. ఆమె తినలేకపోయింది. వాడే తిన్నాడు.

కోర్టులో లాజరు చంకకర్ర ఆనుకొని గోడ పక్కన కూర్చున్నాడు. చిక్కిపోయినాడు. సుబ్బక్కను చూసి లేవబోయినాడు. ఆమె వద్దని చేయి ఊపింది. పేరు పిలిచినప్పుడు ఆమె కాళ్ళు కదలలేదు. బంట్రోతు మళ్ళీ పిలిచినాడు. నారాయణ వకీలు దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, మీ వీధిలో నడిచినట్టే నడువు" అన్నాడు. ఆమె నిజంగానే వంగి, నేల చూస్తూ, ముళ్ళు ఏరేటప్పటి మాదిరే నడిచి బోనెక్కింది. చెంగులోని తువ్వాలు గట్టిగా పట్టుకుంది. చౌడమ్మ మీద ప్రమాణం చేసింది.

గొంతు బొంగురుపోయి మొదట ఎవరికీ వినపడలేదు. మునసబు ఆమెకు నీళ్ళిప్పించినాడు. తర్వాత చూసింది చూసినట్టు చెప్పింది. పడుగు ఉందని చెప్పింది. లాజరు ఇంజను ఆపి తోసుకుంటూ వచ్చినాడని చెప్పింది. బస్సు తగ్గలేదని చెప్పింది.

ఓబుళరెడ్డి వకీలు లేచినాడు. మంచి కంఠం ఉన్న మనిషి.

"పోలీసులు వచ్చేసరికి బాట కడిగి ఉందే. ఎవరు కడిగినారు?"

"నేనే సామీ."

"ఎందుకు? ఏం దాచడానికి?"

"నెత్తురు మీద జనం నడుస్తారని."

"పడుగు ఎత్తమన్నదెవరు?"

"నేనే సామీ." ఆమె కండ్ల వెంట నీళ్ళు కారినాయి. "మనిషిని ఎత్తక ముందే పడుగెత్తమంటి. తప్పు నాది."

వకీలు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టినాడు. తర్వాత చిన్నగా నవ్వినాడు. "మోటారు సైకిలు ఉన్నవాడు దాన్ని తోసుకుంటూ పోతాడా? మీ కులమోళ్ళకు భయపడి దిగినాడా?"

"రెడ్ల వీధిలోనే దిగడు సామీ. మాకెందుకు దిగుతాడు?"

వెనక ఎవరో నవ్వినారు. మునసబు బల్ల మీద తట్టినాడు. సుబ్బక్కకు తానేమైనా తప్పుమాట అన్నానా అని ప్రాణం పోయినంత పనైంది. గబగబా చెప్పింది. "దుమ్ము లేస్తాదని దిగేవాడు. ఎవురూ అడగలేదు. నేను నీళ్ళు చల్లేది చూసినాడు, అంతే. ఆ దినం నుంచి దిగినాడు."

బోను దిగి ఆమె బయటికి వచ్చింది. కోర్టు అరుగు మీద కూర్చుండిపోయింది. పుల్లన్న లోపలికి పోయి, ఎవరూ పిలవకుండానే, "పడుగు నాది సామీ. నేను గూడా చెప్తా" అన్నాడని ఆమెకు తర్వాత తెలిసింది. నారాయణ వకీలు అతడిని కూడా బోనెక్కించినాడు.

తీర్పు లాజరు వైపు వచ్చింది. తప్పు బస్సుదేనని, ఓబుళరెడ్డి నష్టం కట్టాలని మునసబు చెప్పినాడు. ప్రేమయ్య ఆ మాట చెప్పడానికి తొగటవీధికి వచ్చి, ఈసారి అరుగు దగ్గర దాకా వచ్చి, చెప్పలేక నిలబడిపోయినాడు. సుబ్బక్క అతడికి మజ్జిగ ఇచ్చింది.

పుల్లన్నకు జైలు రాలేదు. బోర్డు వాళ్ళు పిలిపించి చీవాట్లు పెట్టి పంపినారు. రంగన్న మూటలు మోయడం కూడా మానలేదు. మునుపటి మాదిరి నవ్వడం మాత్రం మానినాడు.

వకీలు ముందే చెప్పిన ముప్పు మాత్రం తప్పలేదు. ఒక పొద్దున దండోరా వేసినారు. పెద్దబాట మీద పడుగులు పరచరాదు, పరిస్తే కోసి పారేస్తారు. వీధి చిన్నబోయింది. ఇండ్ల వెనక చోటు లేదు, అన్నీ కంపలూ గుండ్లూ. ఇంట్లోనే మడిచి మడిచి గంజి పట్టిస్తే పోగులు తెగినాయి. సుబ్బక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. కుంచె పట్టడానికి పిలవలేదు, అంతే. నీళ్ళకు పోయినప్పుడు ఆడవాళ్ళు మాట ఆపేవారు. ఆమె వేకువనే లేచి, అలవాటుగా తొట్టి దగ్గరికి పోయి, చల్లడానికి చోటు లేక నిలబడేది.

ఊరి చివర క్రిస్టియన్ పేట ఉంది. ఆ పేట నడుమ ఏసుసామి గుడి ముందర వీధి పొడుగ్గా, వెడల్పుగా, చదునుగా ఉంటుంది. బస్సులు పోవు. తొగటవీధి వాళ్ళు ఎవరూ యానాడూ అక్కడ కాలు పెట్టలేదు. సుబ్బక్క ఆ వీధిని దూరం నుంచి ఎన్నిసార్లు చూసిందో. పోతే తన వాళ్ళు ఏమంటారో అని భయం. పేట వాళ్ళు రానివ్వకపోతే ఎట్లా అని భయం. ఇన్నాళ్ళూ ఎవరి నీడ పడితే పక్కకు జరిగినామో, వాళ్ళ వాకిట ఏ మొగం పెట్టుకొని నిలబడాలని అన్నిటికంటే ఎక్కువ భయం.

ఒక వేకువ తొట్టిలోని నీళ్ళన్నీ కుండకెత్తి, కుండ చంకన పెట్టుకొని బయలుదేరింది. చెంబు కుండ మూతి మీద గలగలమంటోంది. నీళ్ళు చీర మీద తొణుకుతున్నాయి. పుల్లన్న వాకిట్లో నిలబడి చూసినాడు. యాడికి అని అడగలేదు. కొంత దూరం పోయినాక వెనక చెప్పుల చప్పుడు వినపడింది. ఆమె తిరిగి చూడలేదు.

లాజరు ఇంటి ముందర మంచం మీద కూర్చొని చంకకర్రకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోయి, కర్ర అందుకోబోయినాడు. లోపలి నుంచి ప్రేమయ్య బయటికి వచ్చినాడు. అటూ ఇటూ ఇండ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎంతోమంది చూస్తున్నారు. సుబ్బక్కకు గొంతు తడారింది. కోర్టులో నీళ్ళిప్పించడానికి మునసబు ఉన్నాడు, ఇక్కడ ఎవరున్నారనిపించింది. కుండ దించి, చేతులు జోడించింది.

"లాజరూ, నిన్నొకటి అడగల్లని వచ్చినా. కాదంటే ఏమనుకోను, పోతా. మీ వీధిలో మా పడుగు పరుచుకోనిస్తారా నాయనా? ముళ్ళు నేనే ఏరుతా. నీళ్ళు గూడా నేనే చల్లుతా."